పేటెంటు తీరినా పెత్తనం తీరదు

అమెరికాలో మందు పేటెంటు గడువు 20 ఏళ్లు. లెక్క మొదలయ్యేది దరఖాస్తు పెట్టిన రోజు నుంచి, అమ్మకం మొదలైన రోజు నుంచి కాదు. పరీక్షలకూ అనుమతులకూ బోలెడు కాలం కరిగిపోతోందని కంపెనీలు వాపోతే, 1984లో వచ్చిన హాచ్-వాక్స్‌మన్ చట్టం అయిదేళ్ల దాకా పొడిగింపు ఇచ్చి కన్నీరు తుడిచింది. జెనరిక్ తయారీదారుకూ అదే చట్టం దారి చూపింది. రోగుల మీద పెద్ద పరీక్షలు మళ్లీ చేయనక్కర్లేదు; అసలు మందు రక్తంలో ఎంత కలుస్తుందో తనదీ అంతే కలుస్తుందని రుజువు చేస్తే చాలు. పేటెంటు చెల్లదని సవాలు కూడా చేయొచ్చు. మొదట సవాలు చేసినవారికి 180 రోజులు జెనరిక్ పోటీ లేకుండా అమ్ముకునే బహుమతి ఉంది. అయితే సవాలు అందిన 45 రోజుల్లో అసలు కంపెనీ దావా వేస్తే అనుమతి 30 నెలలు ఆగుతుంది. దావాలో పస ఉందా అన్నది తర్వాతి సంగతి, వేయడం ముఖ్యం.

కాగితం మీద లెక్క ఇది. ఆచరణకు రెవ్లిమిడ్‌ను మించిన పాఠం లేదు. మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కు వాడే ఈ సెల్జీన్ మందుకు తొలి అనుమతి 2005 డిసెంబరులో వచ్చింది. అప్పట్లో క్యాప్సూల్ 215 డాలర్లు. సెల్జీన్ 22 సార్లు పెంచి 719కి చేర్చింది. ఆ కంపెనీని కొన్న బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్ ఆనవాయితీ తప్పకుండా 763 చేసింది. లోపలి రసాయనం మాత్రం ఇసుమంతైనా మారలేదు. సాధారణంగా 21 రోజులు రోజుకొకటి మింగి వారం ఆపాలి. ఆ విరామం ఒంటికే కాదు, పర్సుకూ.

పోల్చి చూసుకోవడానికి జెనరిక్ కంపెనీలకు అసలు మందు కొంత కావాలి. సెల్జీన్ అమ్మనంది. ఇది థాలిడోమైడ్ అనే మందు సంతతి, గర్భస్థ శిశువుకు ప్రమాదమంది. ప్రమాదం నిజమే. రోజూ రోగులకు అమ్మేటప్పుడు దాటగలిగిన ఆ ప్రమాదం, పోటీదారు గుప్పెడు క్యాప్సూళ్లు అడిగేసరికి కొండంతైంది. ఈ ఎత్తుకు అడ్డుకట్ట వేసే చట్టం 2019 డిసెంబరు దాకా రాలేదు.

హైదరాబాద్ కంపెనీ నాట్కో జెనరిక్ అనుమతికి 2010లోనే దరఖాస్తు పెట్టింది. రివాజు ప్రకారం దావా పడింది. 2015 డిసెంబరులో రాజీ కుదిరింది. మూల పేటెంటు 2019 అక్టోబరులో తీరేదే. కానీ స్ఫటిక రూపం మీద తీసుకున్న పిల్ల పేటెంట్లు 2027 దాకా కాపలా ఉన్నాయి. అందుకే రాజీలో 2022 మార్చి నుంచి అమ్ముకోమన్నారు, అదీ కొలిచి: మొదటి ఏడాది మొత్తం అమ్మకాల్లో పది శాతం లోపే, తర్వాత పెంచుకుంటూ పోయినా మూడో వంతు దాటకూడదు. విందుకు పిలిచి విస్తరి పక్కన తక్కెడ పెట్టినట్టన్నమాట. తర్వాత డాక్టర్ రెడ్డీస్‌కూ కొలత రాజీయే దక్కింది.

సరుకుకు హద్దుంటే ధర తెగ్గోయాల్సిన అగత్యం ఎవరికి? అసలు కంపెనీకీ లాభం, జెనరిక్ కంపెనీకీ లాభం. మన కంపెనీల త్రైమాసిక ఫలితాలు కళకళలాడాయి. ఇదే రసాయనాన్ని నాట్కో మన దేశంలో అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే, అమెరికా ధరలో చిన్న ముక్కకు అమ్ముతోంది.

కొలతలన్నీ ఎత్తేయడానికి పెట్టుకున్న తేదీ 2026 జనవరి 31. ఆ తేదీ ఏ చట్టంలోనూ దొరకదు. 2015లోనే ఇరుపక్షాల లాయర్లు రాసిపెట్టుకున్నది.