నెత్తికీ ఈ-క్రాప్ చేయండి

హైదరాబాద్ ఉప్పల్ భగాయత్‌లో గుండు గీయించుకుని మరీ క్యూ కట్టినవాళ్లను మీరూ టీవీలో చూసే ఉంటారు. ఢిల్లీ నుంచి దిగిన పెద్దమనిషి నెత్తికేదో పూస్తాడు, జుట్టు మొలుస్తుంది, అంతే. మా కోటవురట్లలో చెరకు వేసిన ఏ రైతునైనా అడగండి, ఒక్క తడితో చేతికొచ్చిన పంట ఉంటే చెప్పమనండి.

అందుకే ప్రభుత్వానికి నాదొక మనవి. నెత్తిని సాగుభూమి కింద గుర్తించి పంటల నమోదులో, అదే ఈ-క్రాప్‌లో, ఎక్కించండి. రైతు సేవా కేంద్రం నుంచి కుర్రాడొస్తాడు, 'తల వంచండి బాబాయ్' అంటాడు, సుడి దగ్గర జియోట్యాగ్ ఫొటో తీస్తాడు. చెవుల మీద మాగాణి, నడినెత్తి మెట్ట, నుదుటి వైపు బీడు. హద్దురాయి దగ్గరే పేచీ వస్తుంది. నుదురు ఏటా వెనక్కి జరుగుతోంది మరి, నిరుడు అడంగల్‌లో ఉన్న సెంట్లు ఈ ఏడు కనబడవు.

నీటి వాటా డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. మినాక్సిడిల్, పొద్దున ఒక మిల్లీలీటరు, రాత్రి ఇంకొకటి. రక్తపోటు మాత్రగా మొదలైన మందది. మింగినవాళ్లకి ఎక్కడపడితే అక్కడ వెంట్రుకలు మొలుస్తుంటే దాన్ని తలకి మళ్లించారు, 1988లో అమెరికా అనుమతిచ్చింది. పూయడం మొదలెట్టిన కొత్తలో ఉన్న పైరే రాలుతుంది, చాలామంది అక్కడే బెంబేలెత్తి మానేస్తారు. ఓపిక పడితే నాలుగు నెలలకి మొలకలు, ఏడాదికి మంచి దిగుబడి. ఆపైన చెరకు కార్శి తోటలాగే ఏటేటా కాస్త తగ్గుతుంది, అయినా తడి పెట్టని చేను కంటే నయం. అందరి నేలకీ పట్టదు. పట్టిన నేలకైనా కాలువ కట్టేశారా, మూడు నాలుగు నెలల్లో మళ్లీ బీడే.

కాబట్టి పంటల బీమా కూడా ఇప్పించాలి. మాఘమాసం పెళ్లిచూపులకి కోత కావాలంటే దసరాకే తడి పెట్టుకోవాలి. ముహూర్తాలు దాటినా మొలవకపోతే ఆ నెత్తిని కరువు మండలంగా ప్రకటించాలి.

నవ్వింది చాలు. 2025 మార్చిలోనే పంజాబ్‌లోని సంగ్రూర్‌లో ఇలాంటి శిబిరంలోనే నూనె పూయించుకున్న పదులకొద్దీ జనం కళ్లు మండి ఆసుపత్రికి పరుగెత్తారు. అది పేపర్లలో వచ్చాకే ఏప్రిల్లో హైదరాబాద్‌లో క్యూ కట్టారు. ఫలానా జబ్బులు నయం చేస్తుందని ఏ మందు గురించీ చెప్పుకోకూడదంటూ డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. అందులో బట్టతల పేరు అచ్చులో ఉంది. ఆ కాగితం చదవడానికే కదయ్యా అధికారులూ, మీకు జీతాలిస్తున్నది! సంబంధం తప్పిపోతుందన్న బెంగతో పాతికేళ్ల కుర్రాడు తల వంచుతుంటే, పూసే సీసాలో ఏముందో పట్టుకుని చూసే నాథుడు లేడు. నకిలీ విత్తనాలమ్మితే దుకాణానికి తాళం వేస్తారు. ఈ దుకాణాలకి ఎప్పుడు వేస్తారు, జనం కళ్లు పోయాకా?