కటింగులు పోను చేతికెంత?

దిల్‌సుఖ్‌నగర్ బట్టల షోరూములో చేరిన ఓ కుర్రాడికి ఆఫర్ లెటర్లో నెలకు 22,916 రూపాయలు రాశారనుకుందాం. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి నిండుగా ఉంటుంది. ఎల్బీనగర్‌లో ఇంటి ఓనరు మాత్రం 'కటింగులు పోను చేతికెంత?' అనే అడుగుతాడు.

అందులో కుర్రాడి గ్రాస్ 20,800. మిగతా 2,116 పీఎఫ్‌కు, ఈఎస్‌ఐకి యజమాని కట్టాల్సిన వాటా. దాన్నీ సీటీసీలో, అంటే కంపెనీకయ్యే మొత్తం ఖర్చులో, కలిపి 'ఇదీ నీ జీతమే' అన్నారు. షాపు కరెంటు బిల్లు కూడా కలిపితే ఇంకా ఘనంగా ఉండేది, ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు కుర్రాడి వంతు. బేసిక్ 12,000 మీద 12 శాతం పీఎఫ్ 1,440. గ్రాస్ మీద 0.75 శాతం ఈఎస్‌ఐ 156. వృత్తి పన్ను 200. చేతికి 19,004.

వృత్తి పన్ను దగ్గర ఒక నమస్కారం పెట్టాలి. తెలంగాణలో 15 వేల దాకా లేదు, 20 వేల దాకా 150, ఆపైన ఎంతున్నా 200. హైటెక్ సిటీలో నెలకు పది లక్షలు తీసుకునే సారుకూ అంతే. ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగం 276వ అధికరణమే గీత గీసింది. సమానత్వం ఇంత నిక్కచ్చిగా అమలయ్యే చోటు ఇంకోటి చూపించండి!

ఈఎస్‌ఐకి 2017 నుంచి జీతం గీత 21,000 దగ్గరే ఉంది. బాగా పనిచేశాడని 300 పెంచారనుకోండి, 21,100 అవుతుంది. నడుస్తున్న ఆర్నెల్ల చందా గడువు తీరాక 156 మిగులుతుంది, ఆ తర్వాత కొన్నాళ్లకు సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి పోతుంది. దీన్నే ఇంక్రిమెంట్ అంటారు.

అందరూ తిట్టేది పీఎఫ్‌ను. నిజానికి కటింగుల్లో కుర్రాడి పేరు మీద మిగిలేది అదొక్కటే. యజమాని పీఎఫ్ వాటాలోనూ దాదాపు వెయ్యి పింఛను ఖాతాకు, మిగతా 440 పీఎఫ్‌కు పోతాయి. కనీస పింఛను 2014లో నెలకు వెయ్యిగా పెట్టారు, ధరలు పెరిగినా అది మాత్రం పెరగలేదు.

కాబట్టి తమ్ముడూ, స్లిప్పును తిట్టుకునే ముందు యూఏఎన్‌తో పీఎఫ్ పాస్‌బుక్ తెరువు. స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేకపోతే చట్టం దాన్ని నమ్మకద్రోహం అంటుంది. హెచ్‌ఆర్ మాత్రం 'సర్వర్ డౌన్' అంటుంది.