పువ్వు దగ్గర కూర్చునేవాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

ఈగలు, తేనెటీగలు బాగా ముసిరే పువ్వు కోసం తోటంతా వెతక్కండి. బ్రిటన్‌లో పూల మీద వాలే కీటకాలను లెక్కపెట్టే పనికి కొత్తగా వచ్చే మన తెలుగువాళ్లకు నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే. లెక్కపెట్టమని పిలిచి, ఎక్కువున్న చోటికి పోవద్దంటారేమిటని వాళ్లకు అనుమానం వస్తుంది. కింద చెప్పబోయేవి కూడా చాలావరకు ఇలాంటివే. పెడసరంగా వినిపించినా దయచేసి పాటించండి, ఒక్కోదానికీ కారణం ఉంది.

పనేమిటో ముందు చెబుతాను. యూకే పాలినేటర్ మానిటరింగ్ స్కీమ్ 2017లో మొదలైంది. అందులో ఎవరైనా చేయదగ్గ భాగం పేరు ఫిట్ కౌంట్. పొడవూ వెడల్పూ 50 సెంటీమీటర్లున్న ఒక చదరం, అంటే మూర కన్నా కాస్త ఎక్కువ. అందులో ఒక రకం పువ్వును ఎంచుకుని, పూలెన్నో లెక్కేసుకుని, పది నిమిషాల్లో ఆ పూల మీద వాలిన ప్రతి కీటకాన్నీ రాసుకోవాలి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఎప్పుడైనా చేయొచ్చు. ఎండ కాస్తుంటే కనీసం 13 డిగ్రీలు, మబ్బు పట్టి ఉంటే 15 డిగ్రీలు ఉండాలి.

ఇప్పుడు ఆ మొదటి సలహా సంగతి. కీటకాలను చూసి చోటు ఎంచుకుంటే మీ లెక్క ఏటా బాగానే వస్తుంది. తోటలో సగం కీటకాలు పోయినా, మిగిలిన సగం ఎక్కడ చేరాయో వెతికి మీరు అక్కడే కూర్చుంటారు కదా! తగ్గుదల ఎక్కడా కనిపించదు. అందుకే ముందు పువ్వును చూసుకోండి, చదరం గీసుకోండి, ఆ తర్వాతే ఏం వాలుతోందో చూడండి. స్కీమ్ వాళ్లు సూచించే పూల జాబితాలో లావెండర్‌తో పాటు డాండెలియన్, వైట్ క్లోవర్, ముళ్ల బ్లాక్‌బెర్రీ, హాగ్‌వీడ్ ఉన్నాయి. చాలా తోటల్లో ఇవి పీకి పారేసే మొక్కలే. కాబట్టి లెక్కకు ముందు తోట శుభ్రం చేయొద్దు. లాన్ కత్తిరించారంటే క్లోవర్ పూలన్నీ పోతాయి.

పేర్లన్నీ నేర్చుకున్నాకే మొదలుపెడతామని ఆగిపోకండి. బ్రిటన్‌లో తేనెటీగల జాతులే దాదాపు 270 ఉన్నాయి, హోవర్‌ఫ్లై ఈగలు అంతకన్నా ఎక్కువ. అవన్నీ వచ్చేదాకా ఆగితే ఎన్నో వేసవులు గడిచిపోతాయి. ఫిట్ కౌంట్ అడిగేది గుంపు పేరు మాత్రమే: బంబుల్‌బీ, హనీబీ, ఒంటరి తేనెటీగ, కందిరీగ, హోవర్‌ఫ్లై, మిగతా ఈగలు, సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు... ఇలా. పసుపు చారలు చూసి మోసపోకండి. ఈగకు రెండే రెక్కలు, పెద్ద కళ్లు, కురచ మీసాలు. తేనెటీగకు నాలుగు రెక్కలు, పొడవైన మీసాలు. డ్రోన్‌ఫ్లై అనే ఈగ అచ్చం హనీబీలా ఉంటుంది. దాని కళ్లు చూడటం అలవాటు చేసుకుంటే చాలు, సగం తప్పులు తప్పుతాయి. ఏ గుంపో తేలనిదాన్ని మాత్రం లెక్క కాగితంలో మీకు నచ్చిన గడిలో వేయొద్దు.

వేసవిలో ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తారు కదా, వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ పనికి కావాల్సిన ఓపిక వాళ్ల దగ్గర ఉంది. "ఈగల్ని కూడా రాస్తున్నావేంటమ్మా?" అని మామగారు తప్పకుండా అడుగుతారు. "అవును మామయ్యగారూ, మన మామిడి పూతను కాయగా మార్చేవాటిలో ఈగలది పెద్ద పాత్ర" అని చెప్పండి. మామిడి తోటలున్నవాళ్లకు ఆ మాట వెంటనే అందుతుంది.

పది నిమిషాల్లో అందమైన పీకాక్ సీతాకోకచిలుక ఒకటి చదరం మీదుగా ఎగిరి పక్క మొక్క మీద వాలిందనుకోండి. రాయొద్దు. ఆకు మీద వాలినదాన్నీ రాయొద్దు. ఒకే బంబుల్‌బీ ఆ చదరంలో పది పూలు తిరిగితే ఒక్కటిగానే వేయాలి. కీటకాన్ని ఫొటో తీయడానికి ముందుకు వంగితే మీ నీడ పూల మీద పడి ఉన్నవి కూడా లేచిపోతాయి. ఫొటోల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది సున్నా గురించి. పది నిమిషాలు కూర్చుంటే ఒక్కటీ రాలేదు. చాలామంది ఆ కాగితం పక్కన పడేసి, రేపు మళ్లీ చూద్దామనుకుంటారు. అలా చేయకండి, సున్నా అని రాసి పంపండి. ఆసుపత్రిలో జ్వరం లేని పూట కూడా టెంపరేచర్ చార్టులో రాస్తారు, లేకపోతే జ్వరం ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు తిరగబెట్టిందో తెలియదు. ఖాళీ పూటలన్నీ ఎవరికి వాళ్లు దాచేసుకుంటే, శాస్త్రవేత్తల చేతికి కళకళలాడే తోటలే అందుతాయి, సగటు పెరిగిపోతుంది. కీటకాలు నిజంగా తగ్గుతున్న చోట ఈ సున్నాలే ముందు కనిపించాలి. జర్మనీలో క్రేఫెల్డ్ కీటక సంఘం సభ్యులు, ఎక్కువగా వృత్తి శాస్త్రవేత్తలు కానివాళ్లు, 63 రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలలు, ఒకే పద్ధతిలో పెడుతూ వచ్చారు. 27 ఏళ్లలో ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో ప్రపంచానికి తెలిసింది ఆ సమాచారం వల్లే. పద్ధతి మార్చకుండా, పడింది తక్కువైనా ఎక్కువైనా తూచి రాశారు కాబట్టే ఆ పతనం బయటపడింది. ఆ సంఖ్య చదివినప్పటి నుంచి పారేసిన ప్రతి ఖాళీ కాగితం నన్ను బాధపెడుతుంది.

హనీబీలు ఎక్కువొచ్చాయని సంబరపడి ఊరుకోకండి. ఇక్కడి హనీబీలు చాలావరకు మనుషులు పెట్టెల్లో పెంచేవి. పక్క వీధిలో ఎవరో రెండు పెట్టెలు పెడితే మీ లావెండర్ నిండిపోతుంది. నేలలో బొరియలు, గోడ పగుళ్లు చూసుకుని ఒంటరిగా గూడు కట్టుకునే తేనెటీగకు పెట్టె ఇచ్చే మనిషి లేడు. ఆ గడిలో పడే ఒకటీ రెండూ నాకు ముఖ్యం.

సెప్టెంబరు వచ్చిందని, పూలు అయిపోయాయని లెక్క ఆపేయకండి. కంచె మీద పాకే ఐవీని ఈ నెలలో కత్తిరించకండి. గోడ పాడవుతుందని చాలామందికి దాని మీద కోపం, కానీ మిగతా పూలు వాడిపోయే వేళకు పూసేది అదే. దాని మీద వాలే ఐవీ బీ ప్రత్యేక జాతి అని శాస్త్రం గుర్తించింది 1993లో. బ్రిటన్‌లో అది మొదట కనిపించింది 2001లో, డోర్సెట్‌లో. అక్కడి నుంచి ఉత్తరానికి ఎలా పాకిందో పటం గీయగలిగారంటే, ఊరూరా వాలంటీర్లు పంపిన రికార్డులే అందుకు ఆధారం. సెప్టెంబర్ 30 లోపు 13 డిగ్రీలు దాటి ఎండ కాసిన ఒక పూట, ఐవీ పూల ముందు చదరం పెట్టుకుని కూర్చోండి.