తెల్లబూట్ల బావ

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ, ఊళ్లో తెల్లబూట్ల బావలు మాత్రం మారలేదు. జంగ్లీఘాట్‌లో ఒకడు, డెలానీపూర్‌లో ఒకడు, గోల్‌ఘర్ దగ్గర ఇంకొకడు. తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చుంటాడు. మనవడు సర్కారీ గుమాస్తాగా కుదురుకుని, హవాయి చెప్పులతో సుఖంగానే తిరుగుతుంటాడు. ఓ రాత్రి ఫోన్‌లో పాతకాలం టెన్నిస్ బూటు కనిపిస్తుంది. తెల్ల తోలు, మడమ మీద పచ్చ రంగు. ఇక నిద్ర పట్టదు.

"షోకుకి కాదే, రోజూ ఏసుకోడానికే," అని తెల్లారి ఇంట్లో ప్రకటిస్తాడు.

బావ జన్మలో టెన్నిస్ రాకెట్ పట్టి ఎరగడు. బూటు వంశచరిత్ర మాత్రం కంఠతా వచ్చు. 1960ల్లో అడిడాస్ వాళ్లు రాబర్ట్ హాయే అనే ఫ్రెంచి ఆటగాడి కోసం దీన్ని తోలుతో కుట్టారట. అప్పటిదాకా టెన్నిస్ వాళ్లకు కాన్వాసు బూట్లే గతట. హాయే ఆట మానేశాక బూటు అమెరికావాడు స్టాన్ స్మిత్ పేరుకు మారిందట. ఆ స్మిత్ 1972లో వింబుల్డన్ గెలిచాడట. ఇదంతా చేపల బజార్లో సుర్మయి ముక్కలు కొట్టించుకుంటూ చెప్తాడు. ముక్కలు కొట్టేవాడు కత్తి ఆపకుండా వింటాడు.

అబర్డీన్ బజార్ దుకాణాల్లో తెల్లబూట్లకు కరువు లేదు. బావ ఒక్కోటీ తీసి, వాసన చూసి, "రెక్సిన్" అని తీర్పు చెప్పి కింద పెడతాడు. పుండు మీద కారం చల్లడానికి మేనల్లుడు ఉండనే ఉంటాడు. "మామూలు స్టాన్ స్మిత్ కూడా తోలు కాదు మావయ్యా. 2021లో రీసైకిల్ సరుకులోకి మార్చేశారు." బావకు రెండు పూటలు అన్నం సయించదు. తోలు రకం వేరే ఉందనీ, ధర ఎక్కువనీ తెలిశాక లేచి కూర్చుంటాడు. ధర ఎక్కువన్నది ఆయనకు మరీ నచ్చుతుంది.

744తో మొదలయ్యే పిన్‌కోడ్ కొడితే చాలామంది అమ్మకందార్లు చేతులెత్తేస్తారు. అప్పుడు విశాఖలోని బావమరిది గుర్తొస్తాడు. పాపం అతను జగదాంబ సెంటరంతా తిరిగి, తోలని రాయించుకుని మరీ కొని, ఓడలో వచ్చే తెలిసినవాళ్ల చేతికిస్తాడు. సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. నడిసంద్రంలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ తెలిసినవాళ్లు బతికిపోయారు. లేకపోతే పెట్టె బంకు మీదుందా, కిందుందా అని గంటకోసారి ఫోన్ వచ్చేది.

పెట్టె ఇంటికి చేరాక తల్లి బూటు అటూ ఇటూ తిప్పి చూస్తుంది. పక్కన మూడు వరసల చిల్లులు.

"ఈ బొక్కలేట్రా నాయనా, నీళ్లు పోడానికా?"

"గాలాడ్డానికమ్మా."

"ఇక్కడ గాల్లోనే నీళ్లుంటాయి గదరా!"

ఆవిడ టెన్నిస్ చూడలేదు గానీ అండమాన్ చూసింది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. మేలో నైరుతి దిగితే, అది పోయే సమయానికి ఈశాన్యం వచ్చి డిసెంబరు దాకా పట్టుకుంటుంది. కాబట్టి మే నుంచి డిసెంబరు దాకా బూట్లు పెట్టెలోనే. మిగిలిన నెలల్లో బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కితే ఉప్పునీటి తుంపర. కార్బిన్స్ కోవ్‌కి వెళ్తే ఇసుక. గుడికి వెళ్తే బయట విడవాలి, విడిస్తే దేవుడి మీద ధ్యాస నిలవదు. చేపల బజారు ఊసే వద్దు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది వాళ్ల హాలు. సాయంత్రం తలుపేసుకుని, టీవీకీ సోఫాకీ మధ్య నాలుగడుగులు వేసి, విప్పి, తుడిచి, బీరువాలో పెడతాడు.

దీవుల్లో వాడని తోలు మీద బూజుకు జన్మహక్కు ఉంది. తోలులోని నూనె, గాల్లోని చెమ్మ, బీరువాలోని చీకటి కలిస్తే చాలు. రోజూ తొడిగి, గాలికి ఆరబెట్టిన జోళ్లు ఏళ్లు నడుస్తాయి. అపురూపంగా దాచినవే ముందు పోతాయి. హవాయి చెప్పులవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. బావకు చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

ఓ శ్రావణంలో పట్టుచీర కోసం బీరువా తెరిచిన భార్య పిలుస్తుంది. "ఏటండీ, పచ్చ మడమ కాడే అన్నారు గదా, ముందుదాకా పాకిందేటి?"

ఇల్లంతా ఊపిరి బిగబడుతుంది. బావ బూటు అందుకుంటాడు. వెలుగులో పెట్టి చూస్తాడు. వేలితో గీకుతాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. మొహం వెలిగిపోతుంది.

"సూశారా! అసలైన తోలే! రెక్సినుకి బూజు పడతాదేటి?"

మేనల్లుడు నోరు తెరవబోతే అమ్మమ్మ గిల్లుతుంది. బావ ఆ బూజును ఫోటో తీసి, అనుమానించిన అందరికీ పంపిస్తాడు. తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచి, మందుసీసాల్లోంచి ఏరిన చెమ్మ పీల్చే పొట్లాలన్నీ లోపల కుక్కి, పెట్టెకు టేపు అంటిస్తాడు.

"ఇంత మంచి సరుకు పాడు చేసుకోకూడదు. రోజూ ఏసుకోడానికి ఇంకో జత చూడాలి," అంటూ విశాఖకు ఫోన్ కలుపుతాడు.

బావమరిది ఫోన్ స్విచాఫ్.