మూఢం కోసం చూసే మనిషి

ఊళ్ళో అందరూ పంచాంగం తెరిచేది మంచిరోజు కోసం. మా కన్వీనర్ గారు తెరిచేది చెడ్డరోజు కోసం. ఉగాది వెళ్ళిన మర్నాడే గంటల పంచాంగం ఒకటి కొనుక్కొచ్చి, శుక్రమూఢం, గురుమూఢం, శూన్యమాసం, అమావాస్యలు, అష్టములు, దేన్నీ వదలకుండా ఎర్రసిరా పెన్నుతో గీతలు పెట్టుకుంటారు. పెళ్ళి ముహూర్తం ఉన్నరోజు ఆయనకి దండగ రోజు. ఆ రోజు కీబోర్డు భీమవరంలో ఉంటుంది, ప్యాడ్స్ ఏలూరులో ఉంటాయి, తబలా ఎక్కడుందో తబలా ఇంట్లోవాళ్ళకే తెలియదు.

మాది విజయవాడలో సినిమా పాటల ఆర్కెస్ట్రా. పేరు చెప్పను, రెండు ప్రోగ్రాముల డబ్బు ఇంకా రావాలి. మాలో మనుషుల పేర్లు ఎవరూ వాడరు. “వేణువు బయల్దేరిందా?”, “తబలాకి జ్వరమటండీ”, ఇలాగే నడుస్తుంది. నేను టాంబరిన్. మరకాసు, ట్రయాంగిల్ కూడా నావే. నేను లేకపోయినా పాట ఆగదని బాగా తెలిసినవాణ్ణి గనక ప్రతి రిహార్సల్‌కీ టైముకి వెళ్తాను. ఇదంతా కళ్ళారా చూసే భాగ్యం అలా దక్కింది.

కన్వీనర్ గారు పాడరు, ఏమీ వాయించరు. బీమా ఆఫీసులో ముప్పయ్యేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యారు. ఇలాంటి మనిషి ప్రతి ఊరి ఆర్కెస్ట్రాకీ ఒకరుంటారు. లేని ఆర్కెస్ట్రా ఏడాది తిరిగేలోపు కరావోకే అయిపోతుంది.

మా బండి నాలుగు తేదీల మీద నడుస్తుంది. ఫిబ్రవరి 11 ఘంటసాల గారి వర్ధంతి, జూన్ 4 బాలు గారి జయంతి, సెప్టెంబరు 25 ఆయన వర్ధంతి, డిసెంబరు 4 మళ్ళీ ఘంటసాల గారి జయంతి. ఫిబ్రవరి వస్తోందంటే కన్వీనర్ గారికి గుండెదడ. మాఘమాసం వచ్చిందంటే ఊరంతా పెళ్ళిపందిళ్ళే. సెప్టెంబరు అంటే మాత్రం ప్రాణం. 25వ తేదీ ఒక్కో ఏడు పితృపక్షాల్లో పడుతుంది కదా, ఆ పక్షం రోజులూ ఎవరూ శుభకార్యం తలపెట్టరు, వాయిద్యాలన్నీ ఇంటిపట్టునే ఉంటాయి. 2022లో అయితే ఆ తేదీ ఆదివారం, పైగా మహాలయ అమావాస్య. “అలాంటి యోగం మళ్ళీ రాదండీ” అని ఇప్పటికీ తలుచుకుంటారు, తన పెళ్ళి ముచ్చట చెప్పినట్టు.

రిహార్సల్ కుదర్చడంలో ఆయనదొక పద్ధతి. మొదటి ఫోను కీబోర్డుకి.

“తమ్ముడూ, ఆదివారం రిహార్సల్. అందరూ సరే అన్నారు, నీదే ఆలస్యం.”

అప్పటికి ఇంకెవరికీ ఫోను చేయలేదు.

“పొద్దున గుడివాడలో ఓణీల ఫంక్షనుంది అన్నయ్యా. సాయంత్రమైతే చూస్తా.”

“సాయంత్రం నాలుగున్నర. అయిపోయింది.”

రెండో ఫోను గాయనికి. “అమ్మా, ఆదివారం నాలుగున్నర. కీబోర్డుతో సహా అందరూ రెడీ.”

“ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు రాహుకాలం కదా బాబాయి గారూ! కొత్త పాట ఎత్తుకోవాలి నేను.”

“పాత పాటలు పాడుకుందామమ్మా. రాహుకాలానికి పాత పాటలతో పేచీ లేదు.”

“ఆరింటికి పెట్టండి.”

ఆరింటికి పెడితే వేణువుకి తెనాలి బండి తప్పిపోతుంది. బేస్ గిటారు సాఫ్ట్‌వేరు కుర్రాడు, ఆదివారం రాత్రి అమెరికా వాళ్ళతో కాల్ ఉందంటాడు. అప్పుడు వాళ్ళక్కూడా ఆదివారమే కదా, వాళ్ళు ఇంట్లో పడుకోరా అని కన్వీనర్ గారి సందేహం. అడగరు. అడిగితే ఆ కుర్రాడు సోమవారం అంటాడు, సోమవారం తబలాకి ఉపవాసం.

అందరూ సరే అన్నారనే ఆ మాట చాలాకాలం బాగానే పనిచేసింది. ఒకసారి మచిలీపట్నంలో ఎవరిదో పెళ్ళిలో కీబోర్డూ ప్యాడ్సూ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నారు. “నువ్వు ముందే ఒప్పుకున్నావటగా?” “నువ్వు ఒప్పుకున్నావనేగా నేను ఒప్పుకుంది!” పప్పులోకి నెయ్యి వచ్చేలోపు గుట్టంతా రట్టయిపోయింది. విస్తరి ముందు నుంచే ఫోను చేసి, స్పీకరు పెట్టి నిలదీశారు. ఆయన తొణకలేదు. “ఇద్దరూ ఒకేచోట దొరికారు, మంచిదైంది. గురువారం ఏమంటారు?”

గది గవర్నర్‌పేటలో ఒక ట్యూషన్ సెంటరు మేడమీద. ఆదివారం తప్ప, రాత్రి ఎనిమిది దాటాకే ఖాళీ. ఎనిమిదంటే ఎనిమిదికి వచ్చేది ఆయనా, నేనూ. బోర్డు నిండా సైన్ తీటా, కాస్ తీటా, కింద పెద్ద అక్షరాలతో ‘చెరపవద్దు’. మిగిలిన జానెడు చోటులో కన్వీనర్ గారు సుద్దముక్కతో పాటల వరుస రాసి, ఎదురుగా స్కేలు వేస్తారు: సి షార్ప్, జి మైనర్, ఎఫ్. స్కేలంటే ఏమిటో ఆయనకి తెలియదు. ఒక్కటీ తప్పు రాయరు. బీమా ఆఫీసులో పాలసీ నంబర్లు రాసిన చెయ్యి మరి.

ఎనిమిది మందికి లెక్కకట్టి, తలా రెండు చొప్పున పదహారు మిరపకాయ బజ్జీలు తెస్తారు. తొమ్మిదైనా వచ్చినవాళ్ళు నలుగురే అయితే, పదహారూ మేమే తినాలి. చల్లారితే పారేయాలిగా అంటారు. మా ఆవిడ నాకు వచ్చిన అసిడిటీని రిహార్సల్ జబ్బు అంటుంది.

రానివాళ్ళ బిట్లన్నీ ఆయన నోటితో వేస్తారు. అది చూసి తీరాలి. కుర్చీ అంచున కూర్చుని, కళ్ళు మూసుకుని, వయొలిన్లయితే “ఈఈ” అని ముక్కులోంచి, బేసయితే “దుమ్ దుమ్” అని కడుపులోంచి. వేణువుకి మాత్రం రెండు చేతులూ పెదాల పక్కకి తెచ్చి, లేని రంధ్రాల మీద వేళ్ళాడిస్తూ “తూ తుతూ” అంటారు. వయసు మీదపడింది కదా, పెద్ద బిట్టు ఒక్క గుక్కలో రాదు. మధ్యలో ఊపిరి తీసుకుంటారు. అక్కడ తాళం అర మాత్ర సాగుతుంది. మేము ఆగుతాం. పెద్దాయన, ఏమంటాం?

ఎవరూ రాని రోజుల్లో నాతో ఒక మాట అనేవారు. “బాలు గారు పైకి రాకముందు ట్రూపు నడిపారు. ఇళయరాజా హార్మోనియం, ఆయన అన్న భాస్కర్ తాళవాద్యాలు, తమ్ముడు గంగై అమరన్ గిటారు. అందరికీ తెలుసు, పుస్తకాల్లో ఉంది. వాళ్ళని రిహార్సల్‌కి పోగేసినవాడు ఒకడు ఉండే ఉంటాడు కదా? వాడి పేరు ఎక్కడైనా చూశావా?” చూడలేదన్నాను. “చూడవు” అని నా చేతిలో ఇంకో బజ్జీ పెట్టారు.

కిందటి సెప్టెంబరు 25కి తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మా ప్రోగ్రాం. ఇరవై నాలుగు పాటలు, పదకొండు రిహార్సళ్ళు. పదకొండింటిలో ఒక్కదానికీ వేణువు రాలేదు. ప్రోగ్రాం రోజు తెర లేచే వేళకి చెమటలు కక్కుకుంటూ వచ్చి, మైకు ఎత్తు సరిచేసుకుని కూర్చున్నాడు. గట్టి విద్వాంసుడు. స్వరాలు చూశాడంటే చాలు, వాయించేస్తాడు.

ఏడో పాట. రెండో చరణం ముందు వేణువు బిట్టు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క గుక్కలో, వెంట్రుకవాసి తేడా లేకుండా వాయించాడు. మేమందరం మధ్యలో అర మాత్ర ఆగాం. తబలా ఆగింది, కీబోర్డు ఆగింది, బేస్ ఆగింది, నా టాంబరిన్ కూడా ఆగింది. పదకొండు రిహార్సళ్ళ అలవాటు. గాయని చరణం అందుకునేసరికి వేణువు ఓ దారిన, మేము ఓ దారిన. ఆవిడ ఓ క్షణం తటపటాయించి, ఎక్కువమంది ఉన్న దారినే నడిచింది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం తెలియలేదు.

తెర పడ్డాక తబలా లేచి వేణువు మీద పడ్డాడు. “రిహార్సల్‌కి రావయ్యా అంటే రావు. చూడు ఏమైందో!” కీబోర్డు వంత పాడింది. “అక్కడ గ్యాప్ ఉందన్న సంగతి కూడా తెలియకపోతే ఎలా సార్?” పాపం వేణువు, గ్యాప్ లేదు లేదంటూనే పెట్టెలో వేణువులు సర్దుకున్నాడు.

కన్వీనర్ గారు ఆ గొడవలోకి రాలేదు. పక్క తెర చాటున నిలబడి, ఫోను లైటు వేసుకుని పంచాంగం తిప్పుతున్నారు.

“కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను బాబూ” అని నా చేతికిచ్చారు. “డిసెంబరు 4 లోపల మూఢం ఏమైనా ఉందేమో చూడు.”