సూదికి సన్మానం

దమ్మపేట మండలంలో తొలకరి పడిందంటే చేలో విత్తనాలు, ఊళ్లో సూదులు. ఒళ్లు కాలిందా, ఆర్‌ఎంపీ దగ్గరికి నడు. ఆయన నాడి పట్టకముందే సెలైన్ సీసా వేలాడుతుంది. అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లే. తాగగలిగినవాడికి ఉప్పేసిన గంజి చాలు. కానీ గంజి నోట్లోంచి పోతుంది, దీనికి నరం వెతకాలి. ఆ వెతుకులాటకే డబ్బులు.

వెనకే ఓ యాంటీబయాటిక్. అది బ్యాక్టీరియా గోడల్నీ యంత్రాంగాన్నీ పడగొట్టే మందు. ఈ తొలకరి జ్వరాలను చాలావరకు తెచ్చే వైరస్‌కు అవేవీ లేవు. మన కణంలో దూరి, మన సరుకుతోనే సంతానాన్ని పెంచుకుంటుంది. దాని మీదికి ఈ మందు పంపడం లేని ఇంటికి జప్తు నోటీసు అంటించడమే.

ఇక స్టెరాయిడ్. ఇది పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ వదిలి పక్క కణాలను మేల్కొలుపుతుంది. ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని 1957లో కనిపెట్టారు గానీ మన ఒంటికి ఎప్పటినుంచో తెలుసు. తర్వాత టీ కణాలు సోకిన కణాలను వెతికి చంపుతాయి, బీ కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఒళ్లు కాలేది ఈ హడావిడికే. స్టెరాయిడ్ పడగానే పనివాళ్లు మత్తులో పడతారు, కాక దిగుతుంది, వైరస్ ఉన్నచోటే ఉంటుంది. రోగి మాత్రం "ఒక్క సూదికే లేపాడు" అని ఊరంతా చాటుతాడు. వారం పాటు రాత్రింబగళ్లు చాకిరీ చేసిన ఒంటికి ఓ శాలువా కూడా దక్కదు. పాపం, దానికి బిల్లు రాయడం రాదు.

కోవిడ్‌లో స్టెరాయిడే కదా కాపాడింది అంటారు. నిజమే. 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే మందుల పరీక్షలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ పెట్టాల్సినవాళ్లలో చావులను తగ్గించింది. అక్కర్లేనివాళ్లకు మేలు కనబడలేదు. మన దగ్గరేమో సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాడికే అది పడుతుంది.

డెంగీలో ఈ సన్మానం మరీ ఖరీదు. మూడు నుంచి ఏడు రోజుల్లో జ్వరం దానంతటదే దిగుతుంది. రక్తనాళాల నుంచి ప్లాస్మా కారే గండం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఒళ్లు చల్లబడిందని ఇంట్లో కోడి కోస్తుంటారు.

కాబట్టి జ్వరానికి పారాసెటమాల్, నీళ్లు, పడక. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. జ్వరం దిగాక రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, ఇందులో ఏది కనబడినా సర్కారు దవాఖానకే పోండి. సెలైన్ నిజంగా కావలసింది అప్పుడే, అదీ కొలిచి ఎక్కించాలి.