మా అభిమానాన్ని ఏ ట్రస్టులో పెట్టమంటారు?

యూఈఎఫ్‌ఏ అధ్యక్షులు అలెగ్జాండర్ చెఫెరిన్ గారికి,
న్యోన్, స్విట్జర్లాండ్.

అయ్యా,

ఒక సీజన్‌లో ఒకటికి మించి క్లబ్బులను వెనకేసుకొచ్చే అభిమానుల తరఫున ఈ లేఖ. ఆర్సెనల్, ఇంటర్, క్రిస్టల్ ప్యాలెస్ అంటూ మూడేసి జట్ల కోసం అర్ధరాత్రులు మేలుకునే మా జాతికి ఫుట్‌బాల్ లోకంలో మర్యాద లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లమట. మీ నిబంధనల్లోని ఐదో అధికరణం కూడా ఇంచుమించు ఈ మాటే అంటుంది, కాకపోతే యజమానులతో: మీ పోటీల్లో ఆడే రెండు క్లబ్బుల మీద ఒకే చేతికి పట్టు ఉండకూడదని. నియమం మంచిదే. అది ఎవరిని పట్టుకుంటోంది, ఎవరిని వదిలేస్తోంది అన్నదే మా ఫిర్యాదు.

2024–25లో మాంచెస్టర్ సిటీ, జిరోనా రెండూ చాంపియన్స్ లీగ్‌లో దిగాయి. రెండింట్లోనూ సిటీ ఫుట్‌బాల్ గ్రూప్‌కు వాటా ఉంది. మాంచెస్టర్ యునైటెడ్, నీస్ రెండూ యూరోపా లీగ్‌లో దిగాయి. రెండింట్లోనూ ఐనియోస్ సంస్థకు వాటా ఉంది. జిరోనా, నీస్ వాటాలను ఆ సీజన్ మటుకు ధర్మకర్తల చేతిలో పెట్టి బ్లైండ్ ట్రస్ట్ అన్నారు, మీవాళ్లు సరేనన్నారు. పొలం బావమరిది పేరున రాయించి ‘నాకేం తెలీదు’ అనే పెద్దమనుషులను ఎరిగిన తెలుగువాళ్లకు ఇది ఎక్కడో చూసినట్టే ఉంటుంది. చట్టం దృష్టిలో బినామీ వేరు, ఇది వేరు. మీరు న్యాయవాది, నాకంటే బాగా చెప్పగలరు. కానీ సీజన్ అయ్యాక వాటా ఎవరింటికి తిరిగి చేరుతుందో ఊరందరికీ తెలిసిన ట్రస్టు గుడ్డిదెలా అవుతుంది? క్రిస్టల్ ప్యాలెస్ సంగతి చూడండి. 2025 మే 17న ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో అదే మాంచెస్టర్ సిటీని 1–0తో ఓడించి, చరిత్రలో తొలి పెద్ద ట్రోఫీ గెలిచి, యూరోపా లీగ్‌లో చోటు సంపాదించింది. అందులో వాటాదారు జాన్ టెక్స్టర్‌కు ఫ్రాన్స్‌లోని లియాన్ కూడా ఉంది కాబట్టి కాన్ఫరెన్స్ లీగ్‌కు దించేశారు. ఆయన తర్వాత ప్యాలెస్ వాటా అమ్మేసుకున్నా లాభం లేకపోయింది. యాజమాన్యం చిక్కు విడదీసుకోవడానికి గడువు మార్చి 1 అన్నారు. ఆ మార్చి 1న ప్యాలెస్ ఏం చేస్తోందో తెలుసా? మిల్‌వాల్‌తో అదే కప్పు ఐదో రౌండు ఆడుతోంది. ఫైనల్‌కు చేరతామని కలగన్నా ఎవరూ నమ్మని రోజు అది. ముందుచూపున్న లాయర్లు ఉన్న ఇల్లు నిలబడింది, లేని ఇల్లు మునిగింది.

ఒకే గూటి జట్లు తలపడినంత మాత్రాన మోసం జరుగుతుందా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2018లో రెడ్‌బుల్ అండ ఉన్న సాల్జ్‌బర్గ్, లైప్‌జిగ్ ఒకే గ్రూపులో పడ్డాయి. చిన్నదనుకున్న సాల్జ్‌బర్గ్ రెండు మ్యాచ్‌లూ గెలిచింది. అయితే ఐదో అధికరణం భయపడేది జరిగిన మోసానికి కాదు, మోసం చేయగల స్థానానికి. అదే కొలబద్దతో మమ్మల్నీ కొలవండి. 2024 నవంబరులో శాన్ సిరోలో ఇంటర్, ఆర్సెనల్ తలపడ్డాయి. చాల్హనోగ్లు పెనాల్టీతో ఇంటర్ నెగ్గింది. ఆ రెండింటినీ అభిమానించేవాడు ఏం చేయగలడు? కోచ్‌ను మార్చలేడు, స్ట్రైకర్‌ను అరువివ్వలేడు, గోల్‌కీపర్‌కు సైగ చేయలేడు. వియ్యాలవారి గొడవలో ఇరుక్కున్న పెళ్లిపెద్దలా నోరు మూసుకుని కూర్చుంటాడు. పట్టు లేని ప్రేమ పందెం ఫలితాన్ని అంగుళం కూడా కదపదు.

పైగా మమ్మల్ని ఇలా తయారు చేసింది మీరే. చాంపియన్స్ లీగ్‌లో గ్రూపులు తీసేసి 36 జట్లను ఒకే పట్టికలో పెట్టారు. 2025 జనవరి 29 రాత్రి 18 మ్యాచ్‌లు ఒకేసారి మొదలయ్యాయి. మనకు అప్పటికి తెల్లవారుజామున ఒకటిన్నర. ఒక జట్టు భవితవ్యం మరో 17 మైదానాల్లో పడే గోల్స్ మీద ఆధారపడేలా చేసి, ‘ఒక్క జట్టునే చూడు’ అంటే ఎలా?

గెలిచేవాళ్ల పంచన చేరతాం అనే నింద ఇంకొకటి. ఆర్సెనల్, ఇంటర్‌లను నమ్ముకున్నవాడికి ఆ సీజన్ ఏం మిగిల్చింది? ఆర్సెనల్ వరసగా మూడోసారి లీగ్‌లో రెండో స్థానం. ఇంటర్ ఒక్క పాయింటు తేడాతో నాపొలికి టైటిల్ వదులుకుంది. చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో ఆర్సెనల్‌ను పడగొట్టిన పారిస్ జట్టే మ్యూనిక్ ఫైనల్లో ఇంటర్‌ను 5–0తో కొట్టింది. జట్లు రెండయితే ఏడుపూ రెండింతలు.

సొంతూరి జట్టును చూసుకోవచ్చుగా అంటారు. చూసుకున్నాం. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. 2025లో యాజమాన్యం దాన్ని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేసింది. శ్రీనిధి దక్కన్ ఉంది, దానికీ మా ఓటుంది. కానీ విధేయత గురించి పాఠం చెప్పాల్సి వస్తే ఊరు వదిలి వెళ్లింది అభిమాని కాదని ముందు గుర్తించాలి.

కాబట్టి మనవి ఒక్కటే. ట్రస్టుల దారి మూసేయండి, లేదంటే మాకూ తెరవండి: ఆర్సెనల్‌ను ఒక ధర్మకర్తకు అప్పగించి ఇంటర్‌ను అట్టే పెట్టుకుంటాం. ప్యాలెస్ మాటకొస్తే మార్చి 1 లోగా తేల్చమంటే మాత్రం కుదరదు. ఆ తేదీకి మావాళ్లు ఇంకా ఐదో రౌండులోనే ఉంటారు.

ఇట్లు,
ఒక బహుజట్ల అభిమాని,
హైదరాబాద్